ఎనిమిది అంగుళాల నీళ్లు

పిచ్ అంటే పిచ్చి కాదు కరుణక్కా, అన్నాడు నాగుల్ మీరా,
ఆటోనగర్‌లో, లేత్ మిషను పక్కన,
గ్రీజు వేలితో గోడ మీద ఒక మెలిక గీసి.
నీళ్లని చెక్క అనుకో. రెక్కల్ని మరమేకు అనుకో.
ఒక్క చుట్టు తిరిగితే
ఎంత లోపలికి దిగుద్దో, అదీ పిచ్.
నీ ఫ్యానుది పది అంగుళాలు.
నీ మోటారుకి అంత అంగ పడదు.

నాకు తెలిసిన లెక్క వేరు.
లంకలో మూడున్నరకే గేదెల దగ్గర దీపాలు.
అయిదు పాలక్యాన్లు, నేను,
మూతలు పట్టుకుని కూచోడానికి మా ఆడబిడ్డ కొడుకు ఏసోబు.
పున్నమి ఘాట్ మెట్ల మీదనించి
ఆరింటికి వ్యాను కదిలిపోద్ది.
ఆరూ అయిదుకి కూడా అవి పాలే,
డబ్బులు మాత్రం కావు.

ఎనిమిది హార్స్‌పవర్ మోటారు, కాకినాడ నించి వచ్చిన పాతది.
దాంతోపాటే వచ్చింది ఆ ఫ్యాను.
ఎవరి పడవ కోసం కొన్నారో, అదెంత తేలికదో.
మా పడవకి బిగించాక
దుర్గమ్మ కొండ ఘాట్ రోడ్డుని
టాప్ గేర్లో ఎక్కే ఆటోలా
మూలిగేది.
పొగ నీలంగా నీటి మీద పడుకునేది.
నేను పిడి ఇంకా తిప్పేదాన్ని.
తిట్టేదాన్ని. మోటారుని, నదిని, ఏసోబుని, ఆ వరసలో.

ఆదివారం మీరానే వచ్చాడు.
చెప్పులు ఒడ్డున విడిచి, లుంగీ పైకి కట్టి,
ప్లగ్గు తీగకి తగిలించే చిన్న మీటరు చేత్తో పట్టుకుని.
క్యాన్లు నీళ్లతో నింపమన్నాడు.
బరువుతో చూడాలక్కా, ఖాళీగా అందరూ గుర్రాలే.

పిడి పూర్తిగా తిప్పాను.
నాలుగు వేల వంద. అక్కడే ఆగింది ముల్లు.
నాలుగున్నర వేలన్నా దాటాలంట,
దాటకపోతే లోపల పిస్టను
ఊపిరాడక ఉడికిపోద్దంట.
అంత అరుస్తోందిగా, అన్నాను.
వినక్కా, అన్నాడు.
విన్నాను.
మూడేళ్లు నేను అరుపనుకున్నది
అదీ.

స్ప్లిట్ పిన్ను లాగాడు, నట్టు విప్పాడు.
ఇరుసు చుట్టూ గుర్రపుడెక్క వేళ్లు,
ఎవరిదో వల దారం, తల వెంట్రుకల్లాంటివి ఏవో.
అవన్నీ గోటితో తీసి, గ్రీజు పూసి,
ముందు ఏడు అంగుళాలది పెట్టాడు.
గోలంటే గోల.
పడవకన్నా ముందు చప్పుడు సీతానగరం చేరింది.
స్నానాలు చేసేవాళ్లు తలలెత్తి చూశారు.
ఏసోబు చెవులు మూసుకుని నవ్వాడు,
మీరా నవ్వలేదు, ముల్లుని చూసి పిడి తగ్గించేశాడు.

తర్వాత ఎనిమిది.
ముక్కు కాస్త లేచి, మళ్లీ వాలింది.
ముల్లు నాలుగు వేల తొమ్మిది వందల దగ్గర
సన్నగా వణుకుతూ నిలబడింది.
గొంతు మారింది మోటారుకి,
జలుబు తగ్గినవాళ్ల గొంతులా.

ఖాళీగా వచ్చేప్పుడు మాత్రం ముప్పావే తిప్పు, అన్నాడు,
నీళ్లలో చేతులు కడుక్కుంటూ.
ఒకే ఫ్యాను రెండు బరువులకీ సరిపోదు,
బరువు రోజుకే కొలత తీసుకోవాలి.
ఎనిమిది అని రాసుంటది కానీ
నీళ్లు చెక్క కాదుగా, జారతాయి.
ఎనిమిదిలో నీకు ఆరు దక్కితే గొప్ప.
ఆరు చాలన్నాను.
పాత ఫ్యాను తీసుకుని, లెక్కలో ఆరొందలు తగ్గించాడు.

సోమవారం బ్యారేజి దీపాలు ఇంకా ఆరలేదు.
మెట్ల దగ్గరికి వచ్చేసరికి
వ్యాను డ్రైవరు పళ్లు తోముకుంటున్నాడు,
నన్ను చూసి నురగతోనే ఏదో అన్నాడు.
మోటారు ఆపేశాను.
ఏసోబు మూతల మీదనించి చేతులు తీశాడు.
లోపల పాలు
ఇంకా కాసేపు ఊగుతూనే ఉన్నాయి.